వేడెక్కినాక అప్పుడప్పుడు వణికే పెట్రోల్ ఇంజను: ఇంటి దగ్గరే పట్టుకునేదెట్ల?

అనంతపురం_హ్యాచ్‌బ్యాక్:

నమస్తే. బండి 2014 మోడల్, 1.2 లీటర్ పెట్రోల్, నాలుగు సిలిండర్లు, ప్రతి ప్లగ్గు మీదా విడి కాయిల్ (స్పార్కుకు వోల్టేజీ పెంచేది). 78,000 కిలోమీటర్లు తిరిగింది. గ్యాస్ కిట్ లేదు. ప్లగ్గులు 32,000 దగ్గర మార్చినట్టు బిల్లు ఉంది, మామూలు నికెల్ రకం.

పొద్దున స్టార్టింగులో ఏ పేచీ లేదు. ఊర్లో ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు తిరిగినాక సిగ్నల్లో నిలబడితే ఒక్కోసారి స్టీరింగు, సీటు వణుకుతాయి. 750లో ఉండాల్సిన ఆర్పీఎం 600కు, 850కి మధ్య ఊగుతుంది. అర నిమిషం తర్వాత ఏమీ ఎరగనట్టు మామూలైపోతుంది. ఏసీ వేసుంటే ఇంకొంచెం ఎక్కువ. ఇదిగాక, మూడో గేరులో 1,500–2,000 ఆర్పీఎం దగ్గర ఎత్తు ఎక్కేటప్పుడు రెండు మూడు కుదుపులు ఇస్తుంది. 3,000 దాటితే నున్నగా పోతుంది. వారంలో మూడు నాలుగు సార్లు వస్తుంది, షెడ్డుకు తీసుకుపోతే మాత్రం రాదు.

స్కానర్ పెడితే పీ0300 (సిలిండర్లలో మంట తప్పుతోందనే కోడ్) పెండింగులో ఉంది. చెక్ లైటు వెలగలేదు. నాలుగు ఇంజెక్టర్లూ మార్చాలని ఒకరు, ఫ్యూయల్ పంపు అని ఇంకొకరు అంటాండారు. రెండూ చిన్న ఖర్చులు కావు. నా దగ్గర ఉన్నవి బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ (బండి కంప్యూటర్‌ను ఫోనులో చదివేది), మల్టీమీటర్, పానాల సెట్టు. ఇంట్లో ఏ వరసలో చూసుకుంటూ పోవాలి?

మామిళ్ళపల్లె_మలుపు:

ట్యాంకులో ఇంజెక్టర్ క్లీనర్ ఒక డబ్బా పోసి గుత్తి దాకా హైవే మీద గట్టిగా లాగించండి. అదే పోతుంది.

గుత్తిరోడ్డు_మీటరు:

క్లీనర్ పోస్తే నష్టమేమీ లేదు గానీ, వేడెక్కినాక మాత్రమే వచ్చి, అర నిమిషంలో పోయే వణుకు క్లీనర్‌తో పోయే రకం కాదు. ఇంజెక్టర్ చెత్తపట్టి ఉంటే చల్లగా ఉన్నప్పుడూ చెత్తే.

అన్నా, ముందు ఒక పని చేయకండి: కోడ్ చెరపకండి. చెరిపితే దాంతోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ (కోడ్ పడిన క్షణపు అంకెలు), ఈసీయూ (ఇంజను కంప్యూటర్) ఇన్నాళ్ళూ నేర్చుకున్న లాంగ్ టర్మ్ ట్రిమ్ (పెట్రోలు ఎంత పెంచాలో తగ్గించాలో చెప్పే సవరణ శాతం) రెండూ పోతాయి. యాప్‌లో ఫ్రీజ్ ఫ్రేమ్ ఉంటే తెరిచి, కోడ్ పడిన నిమిషంలో ఆర్పీఎం, లోడు, కూలెంట్ వేడి ఎంతో రాసుకోండి. సగం జవాబు అక్కడే దొరకొచ్చు.

పంపు సంగతి మీ మాటల్లోనే తేలిపోయింది. పంపు బలం తగ్గినా, ఫిల్టర్ మూసుకుపోయినా, ఎక్కువ పెట్రోలు కావాల్సిన చోట, అంటే 3,000 పైన కాలు నొక్కినప్పుడు బండి ఆయాసపడాలి. మీది అక్కడే బాగా పోతుంది. కాబట్టి పంపును చివరికి పెట్టండి.

ఇంజెక్టర్ల మాట ఎందుకొచ్చిందో ఊహించగలను. స్కానర్‌లో ట్రిమ్ పైకి చూసుంటారు. ఒక సిలిండర్‌లో స్పార్కు తప్పిందనుకోండి. అందులోని పెట్రోలు కాలదు, ఆక్సిజన్ కూడా కాలదు, రెండూ అట్లే సైలెన్సర్ గొట్టంలోకి పోతాయి. ఆక్సిజన్ సెన్సార్‌కు పెట్రోలు కనపడదు, ఆక్సిజనే కనపడుతుంది. ‘మిక్చర్ పల్చగా ఉంది’ అని చెప్తుంది. ఈసీయూ నమ్మి నాలుగు సిలిండర్లకూ పెట్రోలు పెంచుతుంది. అట్ల ప్లగ్గు తప్పుకు ఇంజెక్టర్లు నిందపడతాయి. ట్రిమ్ పెరిగిన తర్వాత వణుకు వచ్చిందా, వణుకు వచ్చినాక ట్రిమ్ పెరిగిందా అనేది చూడాలి. దానికి రికార్డు కావాలి.

యాప్‌లో ఈ ఆరు మాత్రమే పెట్టుకుని లాగ్ ఆన్ చేయండి: ఆర్పీఎం, కూలెంట్ వేడి, షార్ట్ టర్మ్ ట్రిమ్ (అప్పటికప్పుడు చేసే సవరణ), లాంగ్ టర్మ్ ట్రిమ్, మానిఫోల్డ్ ప్రెషర్ (సిలిండర్లకు గాలి పోయే గొట్టాల లోపలి ఒత్తిడి), బ్యాటరీ వోల్టేజీ. చవక అడాప్టర్లు నిదానంగా చదువుతాయి, ఎక్కువ పెడితే ఒక్కోటి రెండు మూడు సెకన్లకోసారి వచ్చి పనికిరాదు. నడిపేటప్పుడు ఫోను చూడొద్దు, లాగ్ తనంతట అది రాసుకుంటుంది. వణుకు వచ్చినప్పుడు హెడ్‌లైట్లు వేసి ఆపండి: వోల్టేజీ గీతలో చిన్న గుంట పడుతుంది, తర్వాత ఆ చోటు వెతుక్కోవడం సులువు.

ఇంజను ఆపి తాళం మాత్రం ఆన్ చేసినప్పుడు మానిఫోల్డ్ ప్రెషర్ బయటి గాలి ఒత్తిడే చూపాలి. అనంతపురం సముద్రమట్టానికి 330 మీటర్లకు పైన ఉంది కాబట్టి 97 కిలోపాస్కల్ దరిదాపు. 90 చూపితే సెన్సార్ మీదే అనుమానం. వేడి ఇంజను ఐడ్లింగులో, ఏసీ లేకుండా 30–40 మధ్య నిలకడగా ఉండాలి.

ట్రిమ్ రెండూ కలిపి ప్లస్ లేదా మైనస్ 10 లోపల ఉంటే పట్టించుకోనక్కర్లేదు. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ పెట్రోలు. పది శాతం దానితో పోలిస్తే అదే గాలికి 4–5 శాతం ఎక్కువ పోయాలి. మునుపు సున్నా దగ్గర ఉన్న ట్రిమ్ ఇప్పుడు +5 చూపిస్తే అది జబ్బు కాదు.

ఒక హెచ్చరిక. చెక్ లైటు వెలగడం వేరు, టప టపా కొట్టుకోవడం వేరు. కొట్టుకుంటే కాలని పెట్రోలు కెటలిటిక్ కన్వర్టర్‌లోకి (సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే డబ్బా) పోయి అక్కడ మండుతోందని అర్థం. అప్పుడు కాలు తీసి మెల్లగా ఇంటికి తెచ్చుకోవాల్సిందే.

గువ్వలచెరువు_ఘాట్:

కడప నుంచి. పై అన్న చెప్పిన లాగ్ పెట్టండి, అది నడుస్తాండగానే ప్లగ్గులు బయటికి తీయండి. మీరు చెప్పిన రెండో లక్షణం, మూడో గేరు తక్కువ ఆర్పీఎం ఎత్తు, నూటికి తొంభై స్పార్కు వైపే చూపిస్తుంది.

కారణం ఇది. తక్కువ ఆర్పీఎంలో కాలు గట్టిగా నొక్కితే సిలిండర్ నిండా గాలి చేరి, అదిమినప్పుడు ఒత్తిడి బాగా పెరుగుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ ప్లగ్గు సందు దాటడానికి స్పార్కుకు ఎక్కువ వోల్టేజీ కావాలి. నికెల్ ప్లగ్గు అరిగి సందు వెడల్పయితే ఇంకా ఎక్కువ. అంత వోల్టేజీ లేచినప్పుడు కరెంటు సందు దాటడం మానేసి, పింగాణీ పక్కనుంచో కాయిల్ రబ్బరు లోపల నుంచో ఇనుములోకి జారుతుంది. కాయిల్ లోపలి ఇన్సులేషన్ చిట్లుంటే వేడెక్కినప్పుడే తెరుచుకుంటుంది, అందుకే పొద్దున బుద్ధిగా ఉంటుంది. నికెల్ ప్లగ్గు మీద 46,000 కిలోమీటర్లు నడిపినారు. 30–40 వేలకు మార్చాల్సింది.

పని చేసే పద్ధతి. ఇంజను పూర్తిగా చల్లారాలి. హెడ్డు అల్యూమినియం, వేడి మీద ప్లగ్గు తిప్పితే మరలు ఊడి చేతికొస్తాయి. తాళం ఆఫ్. కాయిల్ కనెక్టర్ గొళ్ళెం నొక్కి తీయండి. పదేళ్ళ ప్లాస్టిక్, మన ఎండలకు బిస్కట్ లాగ అయి ఉంటుంది, లాగితే విరుగుతుంది. కాయిల్‌ను కొంచెం అటూ ఇటూ తిప్పి నిటారుగా పైకి. ఇప్పుడు ఆగండి. ప్లగ్గు గుంతలో దుమ్ము, ఇసుక ఉంటుంది. సైకిల్ పంపుతో బాగా ఊదిన తర్వాతే ప్లగ్గు విప్పాలి, లేకపోతే అదంతా సిలిండర్‌లో పడి గోడలు గీరుకుపోతాయి. లోపల రబ్బరు ఉండే ప్లగ్ సాకెట్ (చాలా వాటికి 16 మిల్లీమీటర్లు), ఎక్స్‌టెన్షన్ వాడండి. ఏ ప్లగ్గు ఏ సిలిండర్‌దో మార్కు చేసి వరసగా కాగితం మీద పెట్టండి.

చూడాల్సినవి: సందు ఫీలర్ గేజ్‌తో కొలవండి, మాన్యువల్‌లో ఉన్న అంకెతో పోల్చండి. తెల్ల పింగాణీ మీద పైనుంచి కిందికి పెన్సిల్‌తో గీసినట్టు సన్నని నల్లగీత ఉందా? ఉంటే ఆ కాయిల్ రబ్బరు లోపల టార్చి వేసి చూడండి, దానికి ఎదురుగా జోడీ గీత ఉంటుంది. పింగాణీకి, ఇనుప నడుముకు మధ్య గోధుమ రంగు వలయం కనిపిస్తే అది వేరే, దాంతో ఇబ్బంది లేదు, చాలామంది దాన్ని చూసి బెదురుతారు. ప్లగ్గు నంబరులో ఆర్ అక్షరం ఉంటే పైకొన నుంచి నడి ఎలక్ట్రోడ్‌కు మల్టీమీటర్ పెట్టండి, 5 కిలో ఓముల దరిదాపు రావాలి. లక్షల ఓములు చూపితే పారేయండి.

కాయిల్‌ను మాత్రం మీటరుతో కొలిచి తేల్చకండి. మూడు నాలుగు పిన్నుల కాయిల్ లోపల ఇగ్నైటర్ సర్క్యూట్ ఉంటుంది, ఓములకు అర్థం ఉండదు. జాగాలు మార్చడమే పరీక్ష. ఉదాహరణకు అనుమానం మూడో సిలిండర్ మీద అయితే: మూడో కాయిల్‌ను ఒకటికి, మూడో ప్లగ్గును రెండుకు మార్చండి, ఇంజెక్టర్ కదిలించకండి. తర్వాత వచ్చే కోడ్ పీ0301 అయితే కాయిల్, పీ0302 అయితే ప్లగ్గు, మళ్ళీ పీ0303నే అయితే ఇంజెక్టర్, వైరింగు, కంప్రెషన్‌లో ఒకటి. పైసా ఖర్చు లేదు.

పీ0300 అంటే ఫలానా సిలిండర్ అని ఈసీయూకు తేలలేదు, లేదా ఒకటికి మించి తప్పుతున్నాయి, అంతే. ఓబీడీ యాప్‌లో మోడ్ 6 తెరిస్తే కొన్ని బండ్లలో సిలిండర్ వారీగా మిస్‌ఫైర్ (మంట తప్పిన) లెక్క కనిపిస్తుంది. అది రాకపోతే వణుకు వస్తుండగా ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్ మూడు నాలుగు సెకన్లు తీసి పెట్టండి. తీసినప్పుడు ఐడ్లింగు ఇంకా దిగజారితే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టు. తీసినా ఏ తేడా రాలేదంటే దొంగ అక్కడే. కాయిల్ కనెక్టర్ తీసి ఈ పరీక్ష చేయొద్దు, పెట్రోలు కాలకుండా కన్వర్టర్‌లోకి పోతుంది.

బిగించేటప్పుడు ప్లగ్గు చివర రబ్బరు గొట్టం ముక్క తగిలించి వేళ్ళతోనే తిప్పండి, మర తప్పితే గొట్టం జారుతుంది గానీ హెడ్డు పాడవదు. చేతి బిగువు అయినాక కొత్త ప్లగ్గుకు అర చుట్టు నుంచి మూడింట రెండు చుట్లు. పాతదాన్ని తిరిగి వేస్తే వాషర్ ఇప్పటికే నలిగి ఉంటుంది కాబట్టి చుట్టులో పన్నెండో వంతు చాలు.

నల్లవైరు:

కర్నూలు నుంచి. పై ఇద్దరూ చెప్పింది సరే, ట్రిమ్ లెక్కలో ఒక మెలిక మిగిలింది. ‘ఐడ్లింగులో ట్రిమ్ ఎక్కువ, 2,500లో తక్కువ అయితే గాలి లీకు’ అని అన్నిచోట్లా రాసి ఉంటుంది. అది మ్యాఫ్ సెన్సార్ (లోపలికి పోయే గాలిని నేరుగా కొలిచేది) బండ్లకు. ఎయిర్ ఫిల్టర్ దాటినాక గొట్టం మీద నాలుగైదు వైర్ల సెన్సార్ ఉంటే మ్యాఫ్. అది లేకుండా ఇంటేక్ మానిఫోల్డ్ మీద ఒత్తిడి కొలిచే చిన్న సెన్సార్ మాత్రమే ఉంటే మ్యాప్ బండి. మ్యాప్ బండిలో గొట్టం చిట్లి గాలి దూరినా ఆ ఒత్తిడి సెన్సార్‌కు తెలిసిపోతుంది, తగిన పెట్రోలు పోస్తుంది, ట్రిమ్ పెద్దగా కదలదు. లీకు ఐడ్లింగు పెరగడంగానో, ఊగడంగానో బయటపడుతుంది. కాబట్టి ట్రిమ్ బాగుందని లీకు లేదనుకోవద్దు.

లీకు వెతకడానికి కార్బ్ క్లీనర్ కొట్టే వీడియోలు ఉన్నాయి. వేడి మానిఫోల్డ్ పక్కన అది మంటకు పిలుపు. ఊదుబత్తి పొగ అసలే వద్దు. పొడవు ముక్కు శ్రావణానికి గుడ్డ చుట్టి, ఐడ్లింగులో బ్రేక్ బూస్టర్ గొట్టం, పీసీవీ (ఇంజను లోపలి ఆవిరి లాగే) గొట్టం, పర్జ్ వాల్వ్ (ట్యాంకు ఆవిరిని ఇంజనులోకి వదిలే) గొట్టం ఒక్కోదాన్ని అయిదు సెకన్లు నొక్కి పట్టండి. ఏది నొక్కితే వణుకు ఆగిందో ఆ దారి చూడండి. మానిఫోల్డ్ గాస్కెట్ అంచు మీద స్ప్రే సీసాతో సన్నగా నీళ్ళు కొట్టండి, లీకు ఉన్నచోట శబ్దం మారుతుంది. కాయిళ్ళ మీదికి, ఆల్టర్నేటర్ మీదికి నీళ్ళు పోనీయొద్దు.

పెట్రోలు కొట్టించిన వెంటనే వణుకు వస్తుందా అనేది కూడా గమనించండి. గన్ను టక్కుమని ఆగినాక కూడా రౌండ్ ఫిగర్ కోసం కుక్కించే అలవాటుంటే ట్యాంకు ఆవిరి పట్టే బొగ్గు డబ్బా తడిసి పర్జ్ వాల్వ్ పాడవుతుంది.

తర్వాత ఎర్తింగు. మీటరు డీసీ వోల్టుల మీద పెట్టి, ఇంజను నడుస్తుండగా హెడ్‌లైట్లు, ఏసీ, బ్లోయర్ అన్నీ వేసి, ఎర్ర పిన్ను ఇంజను బ్లాకు మీద శుభ్రమైన ఇనుముకు, నల్లది బ్యాటరీ నెగెటివ్ కొనకు (క్లాంపుకు కాదు, కొనకే). 0.1 వోల్టు లోపల ఉంటే మంచిది. 0.3 దాటితే ఎర్త్ పట్టీ విప్పి ఇసుక కాగితంతో రుద్ది బిగించండి. ఏసీ వేసినప్పుడు ఎక్కువవుతుందన్నారు కాబట్టి ఇది వదలొద్దు. ఛార్జింగు 13.8–14.5 మధ్య ఉండాలి.

క్రాంక్ సెన్సార్ (ఇంజను తిరుగుడును ఈసీయూకు చెప్పేది) అని ఎవరైనా అంటే ఇది అడగండి: వణికిందా, ఆరిపోయిందా? వేడికి క్రాంక్ సెన్సార్ పోతే నాలుగు సిలిండర్లూ ఒక్కసారే ఆగుతాయి, ఆర్పీఎం సున్నాకు పడుతుంది, చల్లారినాక స్టార్ట్ అవుతుంది. మీది అది కాదు.

ఇంజెక్టర్లు కొలవాలనిపిస్తే కనెక్టర్ తీసి ఓములు చూడండి. మామూలుగా 11–16 మధ్య, నాలుగూ ఒకదానికొకటి దగ్గరగా ఉంటే చాలు. ఇంకా, శనక్కాయ మూటల పక్కన బండి పెట్టే ఇళ్ళలో ఎలుకలు ముందు కొరికేది ఇంజెక్టర్ వైర్లే. టార్చి వేసి హార్నెస్ పొడవునా ఒకసారి చూసి, ఇంజను నడుస్తుండగా చీపురు కర్రతో మెల్లగా కదిలించండి.

అనంతపురం_హ్యాచ్‌బ్యాక్:

అందరికీ ధన్యవాదాలు. నాలుగు రోజుల లెక్క ఇది.

తాళం ఆన్‌లో మానిఫోల్డ్ ప్రెషర్ 97. మ్యాఫ్ లేదు, మ్యాప్ బండే. మామూలప్పుడు ఐడ్లింగులో 34, ట్రిమ్ రెండూ కలిపి +5. వణుకు వచ్చిన రెండుసార్లూ ముందు ఆర్పీఎం పడింది, ప్రెషర్ 34 నుంచి 42కు ఎక్కి ఊగింది, రెండు మూడు సెకన్లు గడిచినాక ట్రిమ్ +16కు పోయింది. రెండుసార్లూ కూలెంట్ 95 పైన. వోల్టేజీ 14.1, కదల్లేదు. ఎర్త్ దగ్గర 0.06. గొట్టాలు నొక్కితే తేడా లేదు. ఇంజెక్టర్లు నాలుగూ 12 ఓముల దగ్గర.

ప్లగ్గులు తీసినా. మాన్యువల్‌లో సందు 1.0–1.1. ఒకటి, రెండు, నాలుగు 1.3 ఉన్నాయి. మూడోది 1.4, పింగాణీ మీద నల్లగీత స్పష్టంగా ఉంది. మూడో గుంతలో అడుగున ఇంజన్ ఆయిల్ చెమ్మ, ఆ కాయిల్ రబ్బరు మెత్తబడి కొంచెం ఉబ్బింది. ఇప్పుడు జాగాలు మార్చే పరీక్ష చేయాలా? కాయిల్ ఒకటి కొంటే చాలా, నాలుగూనా?

గుత్తిరోడ్డు_మీటరు:

ఆర్పీఎం ముందు, ట్రిమ్ తర్వాత. ఇంజెక్టర్ల డబ్బు మిగిలింది.

గువ్వలచెరువు_ఘాట్:

ప్లగ్గుకు పరీక్ష అక్కర్లేదు, గీతే సాక్ష్యం. కాయిల్‌కు మాత్రం చేయండి, అదీ కొత్త ప్లగ్గులు వేయకముందే. ఆ రబ్బరు కొత్త ప్లగ్గు మీద పెడితే లోపలి గీత కొత్త పింగాణీ మీద కూడా దారి చేస్తుంది, కొత్త ప్లగ్గు కొన్నాళ్ళకే పాతదానిలాగ అవుతుంది. ‘ప్లగ్గులు మార్చినా, వారం బాగుండి మళ్ళీ మొదలైంది’ అనే మాటలకు చాలాసార్లు ఇదే కారణం.

మూడో కాయిల్‌ను ఒకటో సిలిండర్‌లో పాత ప్లగ్గు మీదే పెట్టి, గీత పడ్డ ప్లగ్గును బయటే ఉంచి మూడోదాంట్లో ఒక కొత్తది వేసి, దాని మీద ఒకటో కాయిల్ పెట్టి, బాగా వేడెక్కే దాకా తిప్పండి. మూడో గేరులో 1,500 దగ్గర నుంచి యాక్సిలరేటర్ ముప్పాతిక నొక్కి 3,000 దాకా రానివ్వండి, ఖాళీ రోడ్డులో అయిదారు సార్లు. కుదుపు వచ్చి పీ0301 పడితే కాయిల్ కొనండి, ఒక్కటే. రాకపోతే రబ్బరు బూటు విడిగా దొరుకుతుందేమో అడగండి, దొరికితే అదొక్కటి మారిస్తే సరి. మిగతా మూడు కాయిళ్ళ జోలికి పోవద్దు. ప్లగ్గులు మాత్రం నాలుగూ.

అనంతపురం_హ్యాచ్‌బ్యాక్:

పీ0301 పడింది. ఈసారి వేరే సిలిండర్ ఏదీ రాలేదు.

నల్లవైరు:

కాయిల్ తేలింది గానీ ఆయిల్ సంగతి వదలొద్దు. వాల్వ్ కవర్ కింద ప్లగ్గు గుంతల చుట్టూ ఉండే సీలు గట్టిపడి కారుతోంది. ఆయిల్ తగిలితే రబ్బరు ఉబ్బి పట్టు వదులుతుంది, కొత్త కాయిల్‌కు కూడా ఇదే గతి. గాస్కెట్ కొనేటప్పుడు గుంతల సీళ్ళు సెట్టులో ఉన్నాయా, విడిగా కొనాలా అడిగి తీసుకోండి. పాత గాస్కెట్ అంటుకున్న చోట బ్లేడుతో గీకొద్దు, ప్లాస్టిక్ ముక్కతో తీసి గుడ్డతో తుడవండి. గుంతలో ఆయిల్‌ను కర్రకు చుట్టిన గుడ్డతో ముందే పీల్చేయండి. కవర్ బోల్టులు మధ్య నుంచి బయటికి, రెండు విడతల్లో బిగించాలి. ఇవి చిన్న బోల్టులు, చాలా బండ్లలో 10 న్యూటన్ మీటర్లకు మించవు. మీ మాన్యువల్ అంకె చూసి టార్క్ రెంచీతో చేయండి. ఎక్కువ బిగిస్తే కవర్ వంగి మళ్ళీ అదే చోట కారుతుంది.

అంతా అయినాక కోడ్ చెరిపి ఆ మూడో గేరు పరీక్షే మళ్ళీ చేయండి. చెరిపితే లాంగ్ టర్మ్ ట్రిమ్ సున్నాకు పోతుంది, రెండు మూడు రోజులు నేర్చుకోనివ్వండి. అది తిరిగి +5 దగ్గర కుదురుకుని, పెండింగులో ఏమీ లేకపోతే బానెట్ మూసేయొచ్చు.